ఎస్‌టీఐలో ఈ85: సెన్సర్ పాసైంది, అసలు పరీక్ష పంపుది

సుబారు ఎస్‌టీఐ కారు, 2008 తర్వాతి మోడళ్లు. ఈజే257 ఇంజిన్, 2.5 లీటర్లు, ఒకే టర్బో, కంపెనీ లెక్కలో 305 హార్స్‌పవర్, చివరి మూడేళ్ల బళ్లకి 310. దీనికి ఫ్లెక్స్ ఫ్యూయెల్ కిట్ (ట్యాంకులో ఎథనాల్ ఎంతుందో ఇంజిన్‌కి చెప్పేది) బిగించి, కాబ్ వాళ్ల యాక్సెస్‌పోర్ట్ అనే చేతి పరికరం మీద ఈ85కి, అంటే ఎథనాల్ పాలు ఎక్కువున్న పెట్రోలుకి, ట్యూన్ చేయిస్తే (ఇంజిన్ సెట్టింగులు మార్పిస్తే) పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా లేదా అన్నదే ఈ రివ్యూ. మిన్నెసోటా, ఇల్లినాయి, అయోవా లాంటి మొక్కజొన్న రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి ఈ85 బంకు వెతుక్కునే పనే ఉండదు. మిగతా చోట్ల ఉన్నవాళ్లు కిట్ కొనే ముందు బంకు ఎంత దూరమో చూసుకోవాలి. పోను రాను నలభై మైళ్లయితే కొన్నదాంట్లో కొంత దారిలోనే అయిపోతుంది.

కిట్ అంటే పెద్ద సామానేం కాదు. ఒక ఎథనాల్ సెన్సర్, దాని సిగ్నల్‌ని ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) అర్థమయ్యే వోల్టేజిగా మార్చే చిన్న డబ్బా, వైరింగ్, రెండు మూడు ఫిట్టింగులు, కాస్త హోస్. బ్రాండు ఏదైనా చాలా కిట్లలో ఉండే సెన్సర్ ఒకటే: కాంటినెంటల్ తయారీ, జీఎం తన ఫ్లెక్స్ ఫ్యూయెల్ కార్లలో వాడినది, జీఎం పార్ట్ నంబరు 13577429. లక్షల బళ్లలో ఏళ్ల తరబడి ఎండకీ చలికీ తట్టుకున్న సరుకు. కిట్‌కీ కిట్‌కీ ధరలో తేడా అంతా డబ్బా, ఫిట్టింగుల నాణ్యతదే తప్ప సెన్సర్‌ది కాదు.

ఈ సెన్సర్ అవసరం ఎందుకంటే, బంకు మీద ‘ఈ85’ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల 85 శాతం ఉండదు. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డీ5798 ప్రకారం ఆ పేరుతో 51 నుంచి 83 శాతం దాకా ఏదైనా అమ్మొచ్చు. చలికాలంలో ఇంజిన్ స్టార్ట్ కావాలి కాబట్టి పెట్రోలు పాలు పెంచుతారు. జూలైలో 80 శాతానికి చేయించిన ట్యూన్ మీద జనవరిలో 58 శాతం పోస్తే ఇంజిన్‌కి ఇంధనం ఎక్కువై రిచ్‌గా నడుస్తుంది, టైమింగేమో (స్పార్క్ పడే క్షణం) ఆ ఇంధనం తట్టుకోగలిగిన దానికన్నా ముందుకి ఉంటుంది. సెన్సర్ లేకుండా ‘ఈ85 మ్యాప్’, ‘పెట్రోల్ మ్యాప్’ అని రెండు పెట్టుకుని మార్చుకునే పద్ధతి ఇంకా కొందరు వాడుతున్నారు. ట్యాంకులో ఏముందో ఊహించి నడపడం కన్నా పెట్రోలు మీదే ఉండటం నయం.

సెన్సర్ పనితీరు చాలా సూటిగా ఉంటుంది. మూడు పిన్నులు: 12 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్. సిగ్నల్ చదరపు పల్స్‌గా వస్తుంది. స్వచ్ఛమైన పెట్రోలుకి 50 హెర్ట్జ్, స్వచ్ఛమైన ఎథనాల్‌కి 150. అంటే హెర్ట్జ్‌లోంచి 50 తీసేస్తే అదే శాతం. మల్టీమీటర్‌ని ఫ్రీక్వెన్సీలో పెట్టి సిగ్నల్ వైరు మీద చూస్తే 127 వచ్చిందనుకోండి, ట్యాంకులో ఉన్నది 77 శాతం. పల్స్ వెడల్పులో ఇంధనం ఉష్ణోగ్రత ఉంటుంది: 1 మిల్లీసెకను అంటే మైనస్ 40 డిగ్రీలు, 5 మిల్లీసెకన్లు అంటే 125. ఫ్రీక్వెన్సీ 170 దాటిపోతే ఇంధనంలో నీళ్లో చెత్తో చేరిందని అర్థం. డబ్బా దాన్ని ‘120 శాతం ఎథనాల్’ అని చదవకుండా లోపంగా గుర్తించాలి. కొనే ముందు అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న అది. రెండోది, వైరు తెగి సిగ్నల్ సున్నా అయితే డబ్బా ఎంత వోల్టేజి పంపుతుందని. ఈ రెండిటికీ సరైన జవాబు రాకపోతే ఇంకో కిట్ చూసుకోండి.

రెండో ప్రశ్న మీద అంత పట్టు ఎందుకంటే, ఇక్కడ ప్రమాదం రెండు వైపులా ఉంది. ట్యాంకులో 78 శాతం ఉండగా సిగ్నల్ పోయి ఈసీయూ దాన్ని సున్నా అనుకుంటే టైమింగ్ వెనక్కి వస్తుంది, అది మంచిదే. కానీ ఇంధనం కూడా పెట్రోలు లెక్కకి తగ్గిపోతుంది. ఇంజిన్ ఒక్కసారిగా పాతిక శాతం పైనే లీన్ (ఇంధనం తక్కువ) అవుతుంది, అదీ బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఒత్తి పంపుతున్నప్పుడు. అందుకే మంచి ట్యూనర్ ఫెయిల్‌సేఫ్‌ని రెండుగా విడగొడతాడు. ఇంధనానికి చివరిసారి సరిగ్గా చదివిన శాతాన్నే పట్టుకుని ఉంచుతాడు, టైమింగ్‌కీ బూస్ట్‌కీ పెట్రోలు టేబుల్ ఇస్తాడు, బూస్ట్‌ని వేస్ట్‌గేట్ స్ప్రింగ్ దాకా, అంటే టర్బో ఇవ్వగల కనీస ఒత్తిడికి, దించేస్తాడు. మీ ట్యూనర్ ఇలా పెట్టాడో లేదో తెలుసుకోవడం తేలికే. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా సెన్సర్ కనెక్టర్ పీకి, యాక్సెస్‌పోర్ట్‌లో ఎథనాల్ శాతం ఏమవుతుందో చూడండి. ఐడిల్‌లో మాత్రమే.

బిగించడం రెండు గంటల పని. ఈజే257లో రిటర్న్ లైను (మిగిలిన ఇంధనాన్ని ట్యాంకుకి తిప్పి పంపేది) ఉంది, సెన్సర్‌కి సరైన చోటు అదే. పంపు నుంచి వచ్చే ఫీడ్ లైనులో పెడితే దారికి అడ్డు ఇంకోటి చేరుతుంది. సెన్సర్ మూతులు 3/8 అంగుళం క్విక్ కనెక్ట్ రకం. వీటికి దొరికే చవక ప్లాస్టిక్ అడాప్టర్లను చూసి ఆశపడొద్దు. ఎథనాల్‌కీ వేడికీ లోపలి ఓ-రింగు గట్టిపడి, ఒకరోజు చెమ్మ కనిపిస్తుంది. ఈ బండిలో టర్బో ఇంజిన్‌కి కుడివైపు వెనక ఉంటుంది, ఇంధనం లైన్లు దానికి ఆట్టే దూరం కాదు. అక్కడ చెమ్మ అంటే మంటే. గట్టిగా లాక్ అయ్యే లోహపు ఫిట్టింగులు, పీటీఎఫ్ఈ లైనింగ్ ఉన్న హోస్ వాడాలి. సెన్సర్‌ని ఎడమవైపు చల్లగా ఉండే చోట, లోపల గాలి బుడగ నిలవని కోణంలో పెట్టాలి. బుడగ నిలిస్తే రీడింగు 74, 61, 79 అని గంతులేస్తుంది. అప్పుడు సెన్సర్ చెడిందనుకుని కొత్తది కొనేస్తారు. ముందు కోణం మార్చి చూడండి.

వైరింగ్‌లో ఒక్క జాగ్రత్త. డబ్బా గ్రౌండ్‌ని బాడీకి కాకుండా ఈసీయూ సెన్సర్ గ్రౌండ్‌కి కలపాలి. 0 నుంచి 5 వోల్టుల స్కేలులో 0.2 వోల్టు తేడా వస్తే అది 4 శాతం ఎథనాల్. చిన్నదిలా ఉన్నా ఇంధనం లెక్కలో ఒకటి రెండు శాతం తప్పు, అదీ హెడ్‌లైట్లు వేస్తే ఒకలా, తీస్తే ఒకలా.

ఇక్కడిదాకా కిట్‌కి మంచి మార్కులే. అసలు ఖర్చు, అసలు తప్పులు ఇంధనం అందించే వైపు ఉన్నాయి. కిట్ అమ్మే పేజీల్లో ఆ మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లెక్క చూద్దాం. పెట్రోలుకి గాలి-ఇంధనం నిష్పత్తి 14.7, ఈ85కి 9.8 దగ్గర. సాంద్రత తేడా కూడా కలుపుకుంటే అదే లాంబ్డాకి (ఉన్న నిష్పత్తిని ఆ ఇంధనానికి సరిపోయే నిష్పత్తితో భాగిస్తే వచ్చే అంకె) ఘనపరిమాణంలో సుమారు 40 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. క్రాంక్ దగ్గర 400 హార్స్‌పవర్ అనుకోండి. పెట్రోలు టర్బోకి గంటకి హార్స్‌పవర్‌కి 0.6 పౌండ్ల చొప్పున 240 పౌండ్లు చాలు. ఈ85కి 0.84 చొప్పున 336 పౌండ్లు. నాలుగు ఇంజెక్టర్లకి పంచి, డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటకూడదనుకుంటే ఒక్కోటి నిమిషానికి సుమారు 960 సీసీ ఇవ్వాలి. పెట్రోలుకైతే 720 సరిపోయేది. కంపెనీ ఇంజెక్టర్లు దీనికి దగ్గర్లో కూడా లేవు. అందుకే అందరూ ఇంజెక్టర్ డైనమిక్స్ ఐడీ1050ఎక్స్ తరగతికి వెళ్తారు. అది సబబే. పెద్దవి కదా అని 1700కి పోతే ఐడిల్ సర్దుకోవడానికి ట్యూనర్ తల పట్టుకోవాలి.

ఇంజెక్టర్ల కన్నా పంపు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పై లెక్కలో గంటకి 195 లీటర్లు కావాలి, 340 లీటర్ల పంపు కొంటే బోలెడు మిగులుతుంది కదా అనిపిస్తుంది. ఆ 340 అన్నది 40 పీఎస్‌ఐ దగ్గర, 13.5 వోల్టుల మీద కొలిచిన అంకె. బూస్ట్ 20 పీఎస్‌ఐ ఉన్నప్పుడు ఇంధనం రైలులో (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టంలో) ఒత్తిడి 43కి 20 కలిపి 63 ఉండాలి. ఆ ఒత్తిడికి పంపు ఇచ్చేది చాలా తగ్గుతుంది. దానికి తోడు పంపు దాకా వచ్చే వోల్టేజి. సుబారు పంపు కంట్రోలర్, దాని సన్న వైర్లు కంపెనీ పంపుకి సరిపోయేట్టు వేసినవి. పెద్ద పంపు లాగే కరెంటుకి ఆ వైర్లలోనే వోల్టు, వోల్టున్నర పోతుంది. బ్యాటరీ దగ్గర 13.8 ఉన్నా పంపు దగ్గర 12.2 కనిపిస్తుంది. కాబట్టి పంపు మార్చినప్పుడే రిలే పెట్టి, బ్యాటరీ నుంచి 10 గేజ్ వైరు నేరుగా లాగి, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ వేయాలి. పాత పంపు వైరు ఆ రిలేని ఆన్ చేయడానికి మాత్రమే వాడుకోవాలి. ఈ హార్డ్‌వైర్ కిట్ మొత్తం ఖర్చులో చిన్నది, వదిలేస్తే జరిగే నష్టం పెద్దది.

ట్యాంకు లోపల ఇంకో సంగతి. పంపు నుంచి పైకి వెళ్లే పొట్టి హోస్‌కి బయట వాడే మామూలు రబ్బరు ముక్క వేస్తే, ఇంధనంలో మునిగి ఉండి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, క్లాంపు కింద నుంచి జారిపోతుంది. మునిగి ఉండే చోటికి జే30ఆర్10 అని ముద్ర ఉన్న హోస్ వేరే ఉంది. దాన్నే వేసి, రెండు క్లాంపులు బిగించాలి. హోస్ సగం జారితే ఐడిల్, క్రూజ్ అన్నీ బాగానే ఉంటాయి. పూర్తి బూస్ట్‌లో, 5500 ఆర్పీఎం పైన మాత్రం లీన్ అవుతుంది. రైలు ఒత్తిడి 63 ఉండాల్సిన చోట 58కి పడితే ఇంజెక్టర్ మీద పనిచేసే తేడా 43 నుంచి 38కి దిగుతుంది, ఇంధనం 6 శాతం తగ్గుతుంది. కాబట్టి ఒత్తిడి సెన్సర్ ఒకటి రైలు మీద పెట్టి లాగ్‌లో (నడుస్తుండగా తీసిన రికార్డులో) చూసుకోవడం షోకు కాదు.

ట్యూన్ విషయానికొస్తే, యాక్సెస్‌పోర్ట్‌ని ఓబీడీ పోర్టుకి పెడతారు. మ్యాప్ ఎక్కించడం, లాగ్ తీయడం, గేజ్‌లా చూపించడం, మూడూ బాగా చేస్తుంది. ఫ్లెక్స్ మ్యాప్‌లో పెట్రోలు టేబుల్, ఎథనాల్ టేబుల్ రెండూ ఉంటాయి. సెన్సర్ శాతాన్ని బట్టి ఈసీయూ వాటి మధ్య ఎక్కడ నిలబడాలో లెక్కేస్తుంది. ఇంధనానికి ఈ మిశ్రమం దాదాపు సరళరేఖే. టైమింగ్‌కి కాదు. నాక్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే పేలడం) తట్టుకునే శక్తిలో చాలా భాగం మొదటి 40, 50 శాతంలోనే వచ్చేస్తుంది. 60 నుంచి 80కి వెళ్తే చేరేది కొద్దే. ట్యూనర్ టైమింగ్‌ని 0 నుంచి 85 దాకా తిన్నగా గీసేశాడంటే 45 శాతం దగ్గర మీరు డబ్బిచ్చి కొన్న పవర్‌ని వదిలేసినట్టే. చలికాలమంతా ట్యాంకులో ఉండేది ఆ మధ్య శాతాలే కదా.

ఎథనాల్‌లో ఒక మోసం ఉంది. ఆక్టేన్ ఎక్కువ, పైగా ఆవిరవుతూ చార్జ్‌ని చల్లబరుస్తుంది. కిలోకి సుమారు 900 కిలోజౌళ్లు పీల్చుకుంటుంది, పెట్రోలు పీల్చుకునేది 350 దగ్గర. కాబట్టి నాక్ రాదు. నాక్ రాదు గనుక ఎక్కడ ఆగాలో ఇంజిన్ చెప్పదు. పెట్రోలు మీద టైమింగ్ పెంచుతూ పోతే నాక్ కౌంట్ హెచ్చరిస్తుంది. ఈ85 మీద టార్క్ శిఖరం ముందే వచ్చి దాటిపోతుంది, ఆ తర్వాత వేసిన ప్రతి డిగ్రీ సిలిండర్‌లో ఒత్తిడి పెంచడం తప్ప చక్రాలకి ఏమీ ఇవ్వదు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద ఒక డిగ్రీ పెంచితే టార్క్ రెండు పౌండ్-అడుగులైనా పెరగకపోతే ఆ డిగ్రీని వెనక్కి తీసేయాలి. ఈజే257 పిస్టన్ల రింగ్‌ల్యాండ్ల (రింగుల మధ్య గట్ల) బలహీనత సుబారు వాళ్లందరికీ తెలిసిందే. కంపెనీ పిస్టన్లు, కంపెనీ టర్బో వీఎఫ్48 మీద 20 పీఎస్‌ఐ దగ్గర శిఖరం పెట్టి, రెడ్‌లైన్‌కి 16, 17కి దిగనిచ్చే ట్యూన్ అడగండి. 3000 ఆర్పీఎం దగ్గర ఒక్కసారిగా ఎగిరే టార్క్ డైనో కాగితం మీద అందంగా ఉంటుంది, కనెక్టింగ్ రాడ్లకి మాత్రం కాదు.

ట్యూన్ చేతికొచ్చాక లాగ్ మీరే చదువుకోవాలి. నాలుగో గేరులో 2500 నుంచి 6500 ఆర్పీఎం దాకా ఒక్కసారి పూర్తిగా తొక్కి లాగ్ తీస్తే చాలు, ట్రాక్ మీదో డైనో మీదో. డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్ (ఈసీయూకి టైమింగ్ మీదున్న నమ్మకం చూపే అంకె) 1 మీదే ఉండాలి. కిందికి దిగిందంటే బండిని ఇంటికి మెల్లగా తీసుకెళ్లడమే. ఫీడ్‌బ్యాక్ నాక్ (నాక్ విని ఈసీయూ అప్పటికప్పుడు తగ్గించే డిగ్రీలు) ఎక్కడో ఒకసారి మైనస్ 1.4 కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అదే ఆర్పీఎం దగ్గర ప్రతిసారీ వస్తే ట్యూనర్‌కి పంపాలి. ఏఎఫ్ లెర్నింగ్ (ఇంధనంలో ఈసీయూ నేర్చుకున్న శాతం సవరణ) ఐడిల్‌లో ప్లస్ 10, క్రూజ్‌లో ప్లస్ 1 ఉంటే ఇంజెక్టర్ లేటెన్సీ (తెరుచుకోవడంలో ఆలస్యం) అంకెలు తప్పు. అన్ని చోట్లా ప్లస్ 8 ఉంటే ఇంజెక్టర్ సైజు అంకె (స్కేలింగ్) అయినా, ఎథనాల్ శాతమైనా తప్పు.

వైడ్‌బ్యాండ్ గేజ్ (పొగని బట్టి గాలి-ఇంధనం మిశ్రమాన్ని చూపేది) గొడవ కూడా ఇక్కడే. చాలా గేజ్‌లు లాంబ్డాని కొలిచి, దాన్ని 14.7తో గుణించి చూపిస్తాయి. ట్యాంకులో ఏమున్నా గేజ్ మీద 11.5 అంటే లాంబ్డా 0.78, అంతే. ‘ఈ85 కదా, 7.7 రావాలి’ అని ఇంధనం పోస్తూ పోతే ప్లగ్గులు తడిసి ఇంజిన్ మిస్ కొడుతుంది. గేజ్‌ని లాంబ్డాలో పెట్టేసుకుంటే ఈ బాధే లేదు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, ఎన్‌జీకే ఎల్‌ఎఫ్ఆర్7ఏఐఎక్స్ లాంటివి, గ్యాప్ 0.7 మిల్లీమీటర్ల దగ్గర.

సెన్సర్ నిజం చెబుతోందో లేదో చూడాలంటే వంద మిల్లీలీటర్ల గాజు కొలగొట్టం ఒకటి చాలు. యాభై నీళ్లు, యాభై ఇంధనం పోసి, మూత పెట్టి కుదిపి, పది నిమిషాలు నిలకడగా వదిలేయండి. ఎథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, పెట్రోలు పైన తేలుతుంది. పైన 11 మిల్లీలీటర్లు మిగిలితే 39 పోయినట్టు, అంటే 78 శాతం. సెన్సర్ 75, 80 మధ్య చూపిస్తే సరే. 66 చూపిస్తే గ్రౌండ్ వైపు వెళ్లి చూడండి. ఈ పని ఆరుబయట, నిప్పుకి దూరంగా చేయాలి.

సగం ట్యాంకు మిశ్రమాల లెక్క నోటితోనే వేసుకోవచ్చు. ఎనిమిది గ్యాలన్ల మామూలు ఈ10 (10 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు) ఉంది, మీద ఎనిమిది గ్యాలన్ల 75 శాతం పోశారు. 0.8 కి 6 కలిపితే 6.8, పదహారుతో భాగిస్తే 42.5 శాతం, మల్టీమీటర్ మీద 92 దాటి 93 హెర్ట్జ్ లోపు. బంకు నుంచి బయటికి రాగానే తొక్కొద్దు. లైనులో పాత ఇంధనం వెళ్లి కొత్తది కలిసేదాకా ఐదు పది నిమిషాలు రీడింగు కదులుతుంటుంది. అది ఒక అంకె మీద నిలిచాకే బూస్ట్.

సున్నా డిగ్రీల దగ్గర స్టార్టింగ్ ఈ కిట్‌లన్నిటికీ సామాన్యమైన బలహీనత. స్వచ్ఛమైన ఎథనాల్ 13 డిగ్రీల కింద మండేంత ఆవిరి ఇవ్వదు. అప్పుడు స్టార్ట్ అయ్యేది అందులో ఉన్న పెట్రోలు పుణ్యమే. క్రాంకింగ్ టేబుల్‌ని (స్టార్ట్ చేసేటప్పుడు పోసే ఇంధనం పట్టికని) ఉదయం చలిలో సరిచేయాలి గానీ మధ్యాహ్నం వర్క్‌షాపులో కాదు. ఆన్‌లైన్ ట్యూన్ అయితే ఆ లాగ్ మీరే తీసి పంపాలి. మంచు రాత్రుల్లో బయటే పార్క్ చేసేవాళ్లు ట్యాంకుని 50, 60 శాతం దగ్గర ఉంచుకోవడం మేలు. టైమింగ్‌లో పోయేది పెద్దగా లేదని పైన చెప్పుకున్నాం కదా.

మైలేజీ ఎంత పడిపోతుందో దాచడానికి లేదు. లీటరు ఎథనాల్‌లో 21 మెగాజౌళ్లు, పెట్రోలులో 32. హైవే మీద నాలుగో వంతు దాకా తగ్గుతుంది. ఇంజిన్ ఆయిల్ మూడు వేల మైళ్లకే మార్చాలి. పొట్టి ప్రయాణాలే ఎక్కువైతే ఆయిల్ మూత లోపల పాలలాంటి జిగురు కనిపిస్తుంది, తేమది. వారానికోసారి ఇంజిన్ బాగా వేడెక్కేంత దూరం నడిపితే పోతుంది. మూడు నెలలు బండి నిలిపేయాల్సి వస్తే ఈ85 వాడేసి, మామూలు పెట్రోలు మీద ఒక ట్యాంకు నడిపి నిలపాలి.

చట్టం సంగతి కూడా తెలిసి కొనాలి. అమెరికాలో రోడ్డు బండి ఈసీయూ మార్పులు క్లీన్ ఎయిర్ యాక్ట్ కిందికి వస్తాయి, కాలిఫోర్నియాలో కార్బ్ (అక్కడి వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) అనుమతి విడిగా చూసుకోవాలి. వారంటీ ఉన్న బండి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఇండియాలో ఉన్నవాళ్లు ఇదంతా చదివి ఆశపడేముందు రెండు మాటలు. 2024 మార్చిలో ‘ఎథనాల్ 100’ అమ్మకం మొదలైన 183 బంకులు మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, తమిళనాడు, ఢిల్లీలవి. ఆ జాబితాలో ఆంధ్ర, తెలంగాణ లేవు. మన దగ్గర తిరిగే ఒక లీటరు టర్బో పెట్రోలు బళ్లలో డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్నవాటికి ట్యాంకు పంపు మార్చినా పని జరగదు, ఇంజిన్ మీది హై ప్రెషర్ పంపు దగ్గరే ఇంధనం ఆగిపోతుంది. ఆ బళ్లకి ఈ20 కన్నా పైకి వెళ్లే రీమ్యాప్ ఎవరైనా చవగ్గా చేస్తామంటే, పూర్తి లోడులో ఆ పంపు ఒత్తిడి లాగ్ చూపించమనండి.

ఎస్‌టీఐ వాళ్లు ఏ వరసలో కొనాలంటే: ముందు పంపు, హార్డ్‌వైర్, ట్యాంకు లోపలి హోస్. తర్వాత ఇంజెక్టర్లు, ఒత్తిడి సెన్సర్, వైడ్‌బ్యాండ్. కిట్ చివర. బడ్జెట్ పంపు దగ్గరే అయిపోతే ఆ ఏడాది పెట్రోలు ట్యూన్‌తో నడుపుకోండి. పంపు, వైరింగ్ ఎక్కడికీ పోవు.